నల్లబడిన మార్కెట్ పటం

కేసు మొదట్లో సీఐ జీవానందం చేతిలో ఉన్నవి ఇవే: పాడైన ఒక బట్ట, ఖాళీ ఇంకు సీసా, ఆ సీసా తాలూకు మనిషి.

ఆ మనిషి ప్రతిపక్ష కౌన్సిలర్ శామ్యూల్ రాజ్. సీసా ఆయన బల్ల మీదిది.

బట్ట బందరు మున్సిపల్ చైర్మన్ హర్షది. వయసు ముప్పై. మూతపడ్డ పాత మార్కెట్‌లో కలంకారీ అద్దకం షెడ్లు, అమ్మకాల హాలు తెరవాలని అతని ప్లాన్. ఆ ప్లాన్‌నే బట్ట మీద పటంగా అచ్చు వేయించి కౌన్సిల్ హాల్లో కట్టించాడు.

పదకొండింటికి ఓటింగ్. ఉదయం తలుపు తీసేసరికి పటంలో సరిగ్గా మార్కెట్ ఉన్నచోట నల్లటి మరక.

"నన్ను అరెస్ట్ చేస్తారా?" అన్నాడు శామ్యూల్ రాజ్. "చేస్తే ఓటింగ్‌కి ముందే చెయ్యండి. కాస్త సానుభూతైనా దక్కుద్ది."

"కుర్రాడంటే అసూయ లేదా?"

"ఎందుకుండదండీ? వాడు నవ్వితే పేపర్లో ఫోటో. నేను అరిచినా మైకు కట్."

వైస్ చైర్మన్ కాంతారావు కల్పించుకున్నాడు. హర్షకి వరసకి మావయ్య. ఆయనకు పెడనలో అద్దకం షెడ్డుంది.

"ఇంకా అనుమానమేంటండీ సీఐ గారూ? సీసా కనపడతానే ఉందిగా."

జీవానందం వంగి చూశాడు. పటం కింద నేల మీద గోధుమరంగు చుక్కలు.

"అయ్యి టీ మరకలండీ," అన్నాడు కాంతారావు.

జీవానందం రుమాలు తడిపి బట్ట మీది నలుపును రుద్దాడు. రుమాలుకి ఏమీ అంటలేదు.

"హర్ష గారూ, అచ్చు వేశాక ఈ బట్ట ఉడకబెట్టి కరక్కాయ వదిలించారా?"

"లేదండీ, టైం చాల్లేదు. కరక్కాయ నీళ్లలో ముంచి, అచ్చు వేసి తెచ్చేశారు."

"పోసింది ఇంకు అయితే నేల మీదా నల్లగానే ఉండాలి. మా అత్తారిది పెడనే. ఇవి ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన నీళ్లు, అద్దకంలో నలుపుకి వాడతారు. నేల మీద టీలా ఉంటాయి. కరక్కాయ పట్టిన బట్టకు తగిలితే నలుపు. కాంతారావు గారూ, ఇక్కడ అద్దకం షెడ్డున్నది మీకే, ఆ ఇంకు సీసా ఖాళీ చేసిందీ మీరే. ఆ ఇంకే పటం మీద పోస్తే శామ్యూల్ రాజ్ గారు ఇరుక్కుపోయేవారు. ఎందుకు పోయలేదు?"

కాంతారావు వేలితో మరకను తడిమాడు.

"ఇంకు ఉతికితే పోద్ది," అన్నాడు.

"ఎందుకు మావయ్యా?" హర్ష అడిగాడు.

"పన్నెండేళ్ల కిందట ఈ హాల్లోనే ఇదే మాట నేనన్నా. నవ్వారు. నువ్వంటే చప్పట్లు కొట్టారు. అదే మార్కెట్టు కదరా."

మరకపడ్డ పటం ముందే ఓటింగ్ జరిగింది. శామ్యూల్ రాజ్ తలెత్తుకుని వ్యతిరేకంగా వేశాడు. అయినా ప్లాన్ పాసైంది.

చివరికి తేలిన లెక్క ఇది. శామ్యూల్ రాజ్‌కి పరువు దక్కింది. హర్షకి మార్కెట్ దక్కింది. షెడ్డు ఎటు తిప్పి కడితే బట్ట ఆరుతుందో, కాలవ నీరు ఎక్కడ ఉతుకుడికి పనికొస్తుందో ఆ కౌన్సిల్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఆ సరికి పోలీసు జీపులో ఉన్నాడు.