మొరం ఖాదాన్ దగ్గర ఎర్ర లైటు

దగ్గరికి జరగండి. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండమ్మా. ఇది మెల్లిగా చెప్పుకోవాల్సిన కథ.

నిమ్‌పురా యార్డు దాటి కొంత దూరం పోతే, ఇండస్ట్రియల్ పార్క్ వెనక అడ్డదారిలో ఒక పాత ఖాదాన్ ఉంది. ఎర్ర మొరం తవ్వుకుని, తవ్వుకుని, చివరికి వదిలేసిన గొయ్యి. పగలు చూస్తే నాలుగు తుప్పలు, రెండు మేకలు. పొద్దు వాలాక మాత్రం అటు ఎవరూ పోరు.

ఎందుకంటే — అక్కడ ఎర్ర లైటు ఊగుతుంది.

మనిషి కనపడడు. నేలకి మూరెడెత్తున లైటు ఒక్కటే, ఇటు నుంచి అటు... అటు నుంచి ఇటు. ఎవరి సైకిలైనా ఆగిందా, టప్పున ఆరిపోతుంది. చుట్టూ వెతికితే ఎవరూ ఉండరు. జెర్రీ అనే కుర్రాడు దెయ్యమై తిరుగుతున్నాడని ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. సైకిలుతో సహా జెర్రీ పడి చనిపోయింది ఆ గోతిలోనే మరి.

గిరిబాబు ఈ మాట ఎక్కడ విన్నా లేచి వెళ్ళిపోయేవాడు.

గిరిబాబు తెలుసుగా? రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం వస్తే లావుటైర్ల గేరు సైకిలేసుకుని మట్టిదారులు పట్టే మనిషి. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఇరవై ముప్పై మంది మన ఊళ్ళో. వాళ్ళందరికీ ఫోనులో 'ఎర్రమట్టి రైడర్స్' అని ఒక గ్రూపు పెట్టింది ఇతనే. ఏ దారిలో ఇసక ఎక్కువ, ఏ సాల్ చెట్ల తోటలో వేళ్ళు పైకి తేలాయి, ఏ కల్వర్టు దగ్గర దిగి నడవాలి — అన్నీ అందులో రాసుకుంటారు, మ్యాపులు పంపుకుంటారు.

దానికొక కట్టుబాటు పెట్టాడు గిరిబాబు. వాన పడ్డాక ఎవరైనా సొంతంగా నడిచి చూస్తేనే ఆ దారికి 'క్లియర్' అని రాయాలి. పట్టాల వెంట లైను నడిచి చూసినవాడి మాట మీదే కదా మన దగ్గర రైలు బండి కదిలేది! రైలోళ్ళ పిల్లలు, ఆ మాట విలువ తెలిసినవాళ్ళు. గ్రూపులో 'క్లియర్' అని పడిందంటే కళ్ళు మూసుకుని పోయేవారు.

పోయిన ఏడాది దసరా వెళ్ళిన వారం. రెండు రోజులు ఎడతెగని వాన. మూడోనాడు సాయంత్రం జెర్రీ గ్రూపులో అడిగాడు — "గిరన్నా, ఖాదాన్ దారి ఎలా ఉంది?"

అప్పుడు గిరిబాబు గోల్ బజార్‌లో భార్యతో నిలబడి పుచ్కా, అదే పానీపూరీ, తింటున్నాడు. ఒక చేతిలో ఆకుదొన్నె. రెండో చేత్తో, బొటనవేలితో కొట్టాడు — "క్లియర్."

వానకి ముందు ఆదివారం చూసిన దారి అది. వాన తర్వాత చూడలేదు.

గోతి అంచున దారి రెండు బారలు కోసుకుపోయి ఉంది. పల్లంలో వేగంగా వచ్చే కుర్రాడికి అది ఎలా కనపడుతుంది? ఇరవై నాలుగేళ్ళు... ఒక్కడే కొడుకు.

ఆ రాత్రి కబురు తెలిసి గిరిబాబు ఫోను తీశాడు. గ్రూపు అడ్మిన్ తనే కదా — జెర్రీ అడిగిన మాటా, తను చెప్పిన మాటా, రెండూ చెరిపేశాడు. చూసిన ఒకరిద్దరూ పట్టించుకోలేదు. ఇక ఊరు తనకి తోచిందే అంది. తాగి తోలాడన్నారు. ఒళ్ళు తెలీని స్పీడన్నారు. దినాల భోజనానికి వచ్చినవాళ్ళు కూడా, ఆ తల్లి వింటుండగానే అన్నారు.

గిరిబాబు విన్నాడు. నోరు విప్పలేదు. సింహాద్రి అప్పన్న పటం ముందు రోజూ దీపం పెడతాడు గానీ, ఆ రోజు నుంచి సామి ముఖంలోకి చూసి దణ్ణం పెట్టుకోలేకపోయాడట. అది నాతో తనే చెప్పాడు.

ఏడాది తిరిగింది. కార్తీకం వచ్చింది. ఇండస్ట్రియల్ పార్కులో ఉద్యోగానికని కొత్తగా వచ్చిన స్వాతి అనే అమ్మాయి గ్రూపులో చేరింది. భయం లేని పిల్ల.

"ఖాదాన్ దారి మ్యాపు ఎవరూ పంపరేటి?" అని రాసింది.

"అటు దెయ్యం ఉంది తల్లీ," అన్నాడు బుజ్జిబాబు.

"ఇంతింత మీసాలు పెట్టుకుని లైటుకి భయపడతారేటి! ఈవేళ డ్యూటీ దిగి అటే వస్తాను. ఫొటో తీసి పెడతాను, సూసుకోండి."

"అయితే ఆ దెయ్యానిక్కూడా హెల్మెట్ పట్టికెళ్ళు."

నవ్వుల బొమ్మలు పడ్డాయి. గిరిబాబు వర్క్‌షాపు గేటు దగ్గర ఆ మాటలు చదివాడు. వెంటనే ఫోను చేశాడు... స్విచాఫ్. మళ్ళీ చేశాడు... స్విచాఫ్.

అయిదున్నర. మన ఊళ్ళో కార్తీకమాసం అయిదున్నర అంటే చీకటే కదా.

ఇంటికి పోలేదు. సైకిలు తిప్పాడు. ఏడాదిగా అడుగు పెట్టని దారి అది. యార్డు దీపాలు వెనకబడ్డాయి. బళ్ళ చప్పుడు సన్నగిల్లింది. టైర్ల కింద మొరం గరగరమంటోంది... ఇంకేమీ లేదు.

"స్వాతీ!" అని కేకేశాడు. తన గొంతే గోతిలోంచి తిరిగొచ్చింది.

అప్పుడు — కనపడింది.

ఎర్రగా. నేలకి మూరెడెత్తున. ఇటు నుంచి అటు... అటు నుంచి ఇటు.

బ్రేకు పట్టాడు. సైకిలు జారి, అడ్డం తిరిగి ఆగింది. లైటు ఆరిపోయింది. మరొకరైతే వెనక్కి పరిగెత్తేవారు. గిరిబాబు సైకిలు వదిలేసి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"జెర్రీ..." అన్నాడు. "ఒరే జెర్రీ... నేనేరా. నేనే."

తుప్పల్లో ఆకులు కదిలాయి. ఎవరో వస్తున్నారు. ఒక కాలు ఈడుస్తూ... మెల్లిగా...

"గిరిబాబువేనేటి?"

లైటు మళ్ళీ వెలిగింది. దాని వెనక మంకీ టోపీ, నెరిసిన గెడ్డం, పాత రైల్వే స్వెట్టరు.

దెయ్యం కాదు బాబూ. ఏలియా. జెర్రీ తండ్రి. ముప్పై ఆరేళ్ళు రైలు పట్టాల గ్యాంగులో పని చేసి రిటైరైన ఏలియా.

"బాబాయ్... నువ్వా?"

"నానే. బయపడకు."

"ఆ పిల్ల — స్వాతి —"

"ఇందాకే లైటు ఊపి మల్లించి పంపీసినాను. రోడ్డు మీద నుంచి పోయింది. మంచి గుంట. దెయ్యమా దెయ్యమా అని నన్నే పిలిసింది." గెడ్డం కింద చిన్న నవ్వులాంటిది కదిలి ఆగిపోయింది. "కంచెలు కట్టినాను బావూ. దొంగ మొరం లారీలోల్లు పీకీసినారు. కట్టినాను, పీకీసినారు. మరింకేటి సేస్తాను? నానే నిలబడతన్నాను. మీ పిన్నికి చర్చిలో పేయర్‌కి ఎల్తన్నానని సెప్తాను."

"ఏడాది నుంచీ?"

"రోజూ."

"మరి లైటు ఎందుకు ఆర్పేస్తావు బాబాయ్? మనిషివని తెలిస్తే ఆగి మాట్లాడేవారు కదా..."

"ఏటి మాటాడతారు? తాగుబోతోడి తండ్రి అంటారు." ఏలియా అక్కడే నేల మీద కూర్చున్నాడు. "మీవోల్లందరూ ఎప్పుడో ఒకపాలి ఇటొచ్చినారు. నువ్వొక్కడివే రానేదు."

గిరిబాబు జరిగి అతని పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు గుమ్మంలో అడ్డం నిలబడినాను," అన్నాడు ఏలియా, ఎక్కడికో చూస్తూ. "వాన పడింది, నడిసి సూసినోడు ఎవుడన్నా ఉన్నాడేట్రా అన్నాను. గిరన్నని అడిగినాను నాన్నా, క్లియర్ అన్నాడు... అన్నాడు. అయితే ఎల్లు అన్నాను. నానే అన్నాను."

తెలుసు! ఏడాదిగా తెలుసు ఆ ముసలాయనకి.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్... ఎవరికీ?"

"సెప్పకేం? పాస్టరుగారికి సెప్పినాను. కొడుకు పోయినోడి మాటలే అనుకోని ఓదార్చినారు. మీ పిన్ని ఫోను సూపించమంది. ఫోనులో అడిగినట్టే నేదు. అప్పుట్నుంచీ అదీ అంటది — మన గుంటడు అడక్కుండానే ఎల్పోనాడు, మొండోడు, మనల్ని ఇలా సేసీనాడు అని. కన్నతల్లే వోడిని తిడతంది బావూ. అది నాను వినలేకపోతన్నాను."

గిరిబాబు ఫోను తీశాడు. అక్షరం కొట్టి చెరిపి, కొట్టి చెరిపి... ఎంతసేపో. ఏలియా లైటు అటు తిప్పి పట్టుకున్నాడు.

గ్రూపులో పడింది.

"సదువు," అన్నాడు ఏలియా. "నాకు కల్లజోడు నేదు."

చదివాడు. "జెర్రీ ఆ రోజు దారి గురించి నన్ను అడిగాడు. నేను నడిచి చూడకుండానే క్లియర్ అన్నాను. ఆ రాత్రి రెండు మాటలూ నేనే చెరిపేశాను. జెర్రీ తప్పు ఏమీ లేదు."

ఏలియా తిట్టలేదు, కొట్టలేదు. క్షమించాననీ అనలేదు.

"ఆకర్ని ఏటి రాసినావు? ఇంకోపాలి సదువు."

"జెర్రీ తప్పు ఏమీ లేదు."

"ఇంకోపాలి..."

"జెర్రీ తప్పు... ఏమీ లేదు బాబాయ్."

"ఇది మీ పిన్ని ముందర సదువుతావేటి?" గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "నువ్వు సదివితే నమ్ముతాది."

"పద బాబాయ్," అన్నాడు గిరిబాబు. ముసలాయన్ని లేవదీయబోయాడు. లేవదీయలేకపోయాడు. ఏడాదిపాటు లోపల అణిచిపెట్టినదంతా అప్పుడు తెగింది ఏలియాకి. ఆయన్ని పట్టుకున్న గిరిబాబుకీ తెగింది.

సరిగ్గా అప్పుడే ఖాదాన్ అవతలి గట్టు మీద ఒక మొరం లారీ ఆగి ఉందట. డ్రైవరు హెడ్‌లైట్లు ఆర్పి, ఊపిరి బిగబట్టి విన్నాడట. బండి వెనక్కి తీసుకుని, నిమ్‌పురా టీ బడ్డీ దగ్గర దిగి, టీ కూడా చెప్పకుండా అన్నాడు —

"ఖాదాన్‌లో ఒకటి కాదు దాదా... రెండున్నాయి. రెండూ ఏడుస్తున్నాయి."