చివరి వరసలో పచ్చ కారు

పాత కార్ల యార్డులో చివరి వరస వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. పగలైనా ఇద్దరు కలిసి వెళ్తారు గానీ ఒక్కరుగా అడుగు పెట్టరు.

అక్కడ గోడ వారన లేత పచ్చరంగు కారొకటి పడి ఉంది. చక్రాల్లేవు, ఇంజను లేదు, ముందు అద్దం ఎప్పుడో పోయింది. అయినా అది ఊరికే పడి ఉండదట. రాత్రిళ్ళు దాని తలుపు తెరుచుకున్న చప్పుడు వస్తుందట. లోపల ఎవరో గొంతు సవరించుకుంటారట. ఒకడు దాని స్టీరింగు ఊడదీసి పట్టుకుపోయి, మూడో రోజు పొద్దున్నే ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వచ్చి, తీసిన చోటే పెట్టేసి వెళ్ళాడట. చెప్పేవాళ్ళు ఇదంతా కళ్ళతో చూసినట్టే చెబుతారు.

అలాంటి చోటికి ఓ రాత్రి తొమ్మిదింటికి ఒక ఇంటి కోడలు ఒంటరిగా వెళ్ళింది. చేతిలో టార్చిలైటు, హ్యాండ్‌బ్యాగులో పదో నంబరు స్పానరు. దెయ్యమంటే భయం లేక కాదు... మామగారంటే అంతకన్నా భయం.

ఆయన తిట్టే మనిషి కాదు. తిడితే ఎంతో బాగుండేది. కష్టం కలిగితే మాట్లాడటం మానేసి, గుడ్డముక్క పట్టుకుని కారు తుడుచుకుంటూ కూర్చుంటాడు. ముప్పై ఏళ్ళ నాటి కారు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే చెప్పాడు - "ఇల్లంతా నీదే తల్లీ. ఆ కారొక్కటీ నాకు వదిలెయ్." వదిలేసింది, ఎనిమిదేళ్ళు. ఈలోగా ఆఫీసు దగ్గర డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు కూడా తెచ్చుకుని, ఆ మాట ఆయనతో చెప్పే ధైర్యం లేక బీరువాలో బట్టల కింద దాచేసింది.

మొన్న ఆయన పది రోజులకని కూతురింటికి వెళ్ళాడు. భర్త ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఏడో రోజున ఆవిడకి పాడు బుద్ధి పుట్టింది. పిల్లల్ని పక్కింటావిడ దగ్గర కూర్చోబెట్టి, సొరుగులోంచి తాళంచెవి తీసి, వీధి చివరిదాకా వెళ్ళొచ్చేద్దామని కారెక్కింది.

వెనక్కి తీస్తుంటే - ధడ్!

దిగి చూస్తే పూలకుండీ ముక్కలై పడి ఉంది. పోనీలే, కుండీయే కదా అనుకుంటూ కారు చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చింది. వెనక లైటు పగిలి ఉంది. తలుపు దగ్గర్నుంచి వెనకదాకా జానెడు మేర రంగు లేచిపోయింది. గేటు స్తంభానికి ఎప్పుడు తగిలిందో కూడా తెలియలేదే అని అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

మర్నాడు కారు రంగుల మేస్త్రి షెడ్డుకి చేరింది. మేస్త్రి గీతలోకి బొటనవేలు పోనిచ్చి, బయటికి తీసి చూసుకున్నాడు.

"ఎప్పుడు తగిలిందమ్మా?"

"నిన్న సాయంత్రం."

"నిన్నా?" మేస్త్రి మళ్ళీ వేలు వంక చూసుకున్నాడు. ఏదో అనబోయి, దగ్గి, వేలు గుడ్డకి తుడుచుకున్నాడు.

"మేస్త్రిగారూ, మామయ్యగారికి తెలియకూడదు. మీకు దండం పెడతాను."

"నా నోటి నుంచి రాదమ్మా. కానీ రంగు కలపడమే చిక్కు. తలుపు రబ్బరు కింద ఉంది చూడండి, అదీ దీని అసలు రంగు. దాన్ని వేశామా, మీ మామగారు వీధి చివర్నుంచే పట్టేస్తారు. ముప్పై ఏళ్ళ ఎండకి వెలిసిన రంగే కలపాలి."

కలిపాడు. రేకుముక్క మీద పూసి ఎండలోకి తీసుకెళ్ళడం, కారు పక్కన పెట్టి చూడటం, తల అడ్డంగా ఆడించడం. పద్నాలుగోసారికి కుదిరింది.

లైటు మాత్రం దొరకలేదు. ఆవిడ మధ్యాహ్నం అన్నం మానేసి మరీ దుకాణాలకి ఫోన్లు చేసింది. ఒకాయన "ఆ కారు ఇంకా తిరుగుతోందా?" అని పక్కవాళ్ళని పిలిచి మరీ నవ్వాడు. ఇంకొకాయన జాలిపడి, అమ్మేయమని సలహా ఇచ్చాడు.

మామగారు తిరిగి రావడానికి ఇక ఒక్క రాత్రే మిగిలింది. అప్పుడు నోరు విప్పాడు మేస్త్రి - "మా షెడ్డు ఎదురు యార్డులో ఇలాంటి కారే ఒకటుంది. నట్లు డిక్కీ లోపల్నుంచి విప్పాలి. పదో నంబరు స్పానరు ఇస్తాను. కానీ అది చివరి వరసలో..."

యార్డు కాపలా తాత గేటు తీశాడు. "నేనిక్కడే ఉంటానమ్మా. ఏమైనా అయితే ఒక్క కేక వెయ్యండి, పరిగెత్తుతాను."

"ఎటు తాతా?"

తాత చెప్పుల్లో కాళ్ళు దూర్చుకున్నాడు.

మొదటి వరస దాటింది. రెండోది దాటింది. బానెట్లు తెరుచుకుని నోళ్ళు వెళ్ళబెట్టిన కార్లు, తలుపుల్లేని వ్యాన్లు... కాలి కింద అద్దం ముక్క పటుక్కుమంటే తనే ఉలిక్కిపడింది. నాలుగో వరస. టార్చి వెలుగు సన్నగిల్లింది. కొత్త బ్యాటరీలు కొనాల్సిందని ఇప్పుడు గుర్తొచ్చింది.

అప్పుడు వినబడింది.

కిర్ర్...

ఆగింది. మళ్ళీ - కిర్ర్... కిర్ర్...

ఎలక అనుకుంది. ఎలకే అయి ఉండాలని గట్టిగా అనుకుంది. టార్చి ఆర్పి, వ్యాను చాటు నుంచి తొంగి చూసింది.

పచ్చ కారు వెనక తెల్లగా ఏదో కదులుతోంది. రెండు కాళ్ళు... నడుము... వీపు...

తల లేదు.

కేక వేద్దామంటే నోరు రాదు, పరిగెడదామంటే కాలు రాదు. ఆ మొండెం అటూ ఇటూ ఊగుతూ లోపలెక్కణ్ణుంచో మూలుగుతోంది. తర్వాత స్పష్టంగా - చిన్న ఇనుప ముక్క కిందపడి, టింగుమని దొర్లిన చప్పుడు.

నట్టు!

ఆవిడ కళ్ళు చిట్లించింది. తల లేకపోవడం కాదు... తల డిక్కీలో ఉంది. డిక్కీ లోపల్నుంచి విప్పేది వెనక లైటు కాక మరేమిటి? అది కూడా ఎడమ పక్కది. ఊరు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క లైటు!

భయం ఎటు పోయిందో పోయింది.

"ఏయ్! ముట్టుకున్నావంటే ఊరుకోను! ఆ లైటు నాది!"

మొండెం ఎగిరిపడింది. తల డిక్కీ తలుపుకి ఠంగున కొట్టుకుంది.

"అబ్బా! చచ్చాన్రా నాయనా..."

ఆ గొంతు తెలిసిన గొంతే. టార్చి వెలిగించింది. తెల్ల చొక్కా, మెడ చుట్టూ తెల్ల తువ్వాలు, ఒక చేతిలో స్పానరు, ఇంకో చెయ్యి నెత్తి మీద.

"మామయ్యగారూ?"

"అమ్మాయ్?"

ఆయన ఇక్కడెందుకున్నాడో అడగాలన్న ఆలోచన కూడా ఆవిడకి రాలేదు. గుండెలో మూడు రోజులుగా కుక్కి పెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చేసింది. తాళంచెవి, కుండీ, స్తంభం, మేస్త్రి, పద్నాలుగు రంగులు, బట్టల కింద లైసెన్సు - ఒకటీ దాచలేదు. "మీకున్న ఒకే ఒక్క వస్తువుని నాశనం చేశాను. తిట్టండి మామయ్యగారూ, అంతేగానీ మాట్లాడటం మానెయ్యకండి" అంది ముక్కు చీదుకుంటూ.

ఆయన మాట్లాడలేదు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ క్షణాన ఊఁ అని ఊరుకుంటే చాలు, తప్పంతా కోడలి మీదే ఉండిపోయేది.

"కుండీకి కారు ఏ పక్క తగిలింది?" అన్నాడు చివరికి.

"కుడి పక్క."

"నువ్వు చేసింది అంతే." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మిగతాది నేను చేసిన నిర్వాకం. ఊరెళ్ళే ముందు రోజు స్తంభానికి కొట్టేశాను. ఎవరి కంటా పడకూడదని ఆ పక్క గోడకి ఆనించి పెట్టి వెళ్ళాను. ఒక రోజు ముందే బస్సు దిగి తిన్నగా ఇటే వచ్చా. సాయంత్రం ఉన్న కాపలావాడు లోపలికి పంపించి ఇంటికి పోయాడు. అప్పట్నుంచీ ఆ తుప్పు నట్టుతో కుస్తీ పడుతున్నాను."

"ఇక్కడుందని మీకెవరు చెప్పారు?"

"మన మేస్త్రే. వెళ్ళిన రోజే ఫోను చేసి ఒట్టు వేయించుకున్నాను, ఇంట్లో చెప్పొద్దని."

ఆవిడ నోరు తెరిచింది. "అందుకేనా వేలు రెండుసార్లు చూసుకున్నాడు!"

"మరి? వారం నాటి గీతకి తుప్పు పట్టి ఉండదూ? నిన్న తగిలిందంటే వాడు నమ్ముతాడా?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆడగొంతూ మగగొంతూ కలిసి పగలబడి నవ్వాయి. గేటు దగ్గర తాతకి అది ఎలా వినబడిందో ఏమో, వాళ్ళు లైటు పట్టుకుని వచ్చేసరికి గేటు తీసే ఉంది, తాత లేడు. ఇప్పుడు ఆ వరసలో మొగుడూ పెళ్ళాలు ఇద్దరున్నారని చెప్పుకుంటున్నారట.

షెడ్డులో మేస్త్రి ఇద్దర్నీ చూసి కూడా చూడనట్టు పాలిష్ గుడ్డ దులుపుకున్నాడు. మామగారు కారు ఎడమ పక్క మీద అరచేత్తో నిమిరాడు. ఎక్కడ పాతది అయిపోయి ఎక్కడ కొత్తది మొదలయిందో చేతికి తెలియలేదు. "పద్నాలుగుసార్లా?" అన్నాడు. గొంతులో గర్వం దాగలేదు.

పది నిమిషాల్లో లైటు బిగిసింది. ఆయన అలవాటు ప్రకారం డ్రైవరు తలుపు దగ్గరికి నడిచాడు. పిడి మీద చెయ్యి వేశాడు... తలుపు తియ్యలేదు.

"అమ్మాయ్."

"చెప్పండి."

"స్తంభం... అజాగ్రత్త వల్ల తగల్లేదు." గొంతు బాగా తగ్గించాడు. "ఎడమ కన్ను ఆర్నెల్లుగా కనబడటం లేదు తల్లీ. చెబితే అబ్బాయి తాళంచెవి లాగేసుకుంటాడని..."

ఆర్నెల్లు.

ఆ ఆర్నెల్లూ పిల్లలిద్దర్నీ రోజూ పొద్దున్న ఇదే కార్లో స్కూలుకి దింపింది ఆయనే. చివరి వరసలో రాని వణుకు ఆవిడకి అప్పుడొచ్చింది. అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా.

కోపం కూడా వచ్చింది. కానీ ఆ చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది.

"రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది. "నేను తోలతాను. స్కూలుకి కూడా ఇక నేనే."

ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ కూర్చున్నాక చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో సర్దుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు.

"ఎడమ పక్క కూడా నువ్వే చూసుకో తల్లీ. ఇటు మాత్రం నన్ను నమ్మకు" అన్నాడు.