అమ్మమ్మ హెడ్‌ఫోన్స్‌కి ఇనుప పట్టీ

సీరియల్లో కోడలు ఉత్తరం విప్పుతోంది. సరిగ్గా అప్పుడే అమ్మమ్మ నెత్తి మీద టక్కుమని చప్పుడైంది. హెడ్‌ఫోన్స్ పట్టీ రెండు ముక్కలైంది. చెవి కప్పులు చెరో భుజం మీద పడ్డాయి.

"ఏమని రాశాడే?" అని పక్కనున్న మనవరాలిని అడిగింది అమ్మమ్మ. ఆవిడ బెంగ ఉత్తరం గురించే.

అమ్మమ్మకి కాస్త చెవుడు. ఈ హెడ్‌ఫోన్స్ రాకముందు పక్కింటివాళ్ళు కూడా టీవీ పెట్టుకోకుండానే ఆ సీరియల్ వినేవారు.

మనవరాలు ముక్కలు ఏరుకుంది. "కొత్త పట్టీ నేను వేయిస్తా. ఈసారి ప్లాస్టిక్ కాదు."

ఇంట్లో ఆ పిల్లని ఇంజినీరు అంటారు. మూడో తరగతిలో గోడ గడియారం విప్పింది. గడియారం ఇప్పటికీ నడవడం లేదు, పేరు మాత్రం నిలిచిపోయింది.

వీధి చివర సైకిల్ షాపు బాబాయ్ పాత మడ్‌గార్డ్ నుంచి సన్నటి ఇనుప పట్టీ కోశాడు. చివర్లకి కన్నాలు వేసి, చెవి కప్పుల్ని బోల్టులతో బిగించాడు.

"ఎవరి తలకి వంచాలి?"

"అమ్మమ్మకి. కానీ నా తలకి చూసి వంచెయ్ బాబాయ్. తల అంటే తలే కదా."

"సరే, నీ ఇష్టం. ఇంజినీరువి నువ్వు" అంటూ వంచాడు.

ఇంటికి రాగానే గొప్పగా చూపించింది. "గోడకేసి కొట్టినా ఏం కాదు. గోడే పగులుతుంది."

అమ్మమ్మ పెట్టుకుంది. కనుబొమలు కాస్త పైకి లేచాయి. "బాగుందే" అంది.

రెండు రోజులు స్కూల్లో ఇంజినీరు ఆ పట్టీ కబుర్లే చెప్పింది. మూడో రోజుకి స్నేహితురాళ్ళు ఆమెని చూడగానే మాట మార్చడం నేర్చుకున్నారు.

నాలుగో రోజు సీరియల్ టైముకి అమ్మమ్మ బీన్స్ తరుగుతూ కూర్చుంది.

"చూడవా?" అంది ఇంజినీరు.

"ఏముందే అందులో, రోజూ ఏడుపే."

"ఏడుపు కోసమేగా చూసేది" అంది అమ్మ వంటింట్లోంచి.

ఇంజినీరుకి ఉక్రోషం వచ్చింది. "అంత కష్టపడి చేయించా. నీకు నా పని నచ్చలేదు." విసురుగా గదిలోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి మంచినీళ్ళకని బయటికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

అమ్మమ్మ టీవీ ముందు ఉంది. హెడ్‌ఫోన్స్ తల మీద లేవు. ఒక కప్పుని చేత్తో చెవికి ఆనించుకుని వింటోంది. చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చుకుంటోంది. చెవి పైన ఎర్రగా గీత పడి ఉంది.

"ఇదేంటి అమ్మమ్మా?"

అమ్మమ్మ ఉలిక్కిపడింది. "కొంచెం నొక్కుతోందే. అంతే."

"మరి బాగుందన్నావుగా."

"నువ్వంత సంబరంగా తెచ్చి పెడితే ఎలా చెప్పనే?"

ఇంజినీరు ఆ ఎర్ర గీతని వేలితో మెల్లగా తడిమింది. తర్వాత వెళ్ళి అమ్మమ్మ చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఎక్కడికే?"

"షాపుకి. నీ తల కావాలి."

"సీరియల్ అవనీ."

ఇంజినీరు ఆగింది. అమ్మమ్మకి చెయ్యి నొప్పెట్టకుండా కప్పు తనే పట్టుకుంది.

షాపులో బాబాయ్ స్టూలు వేశాడు. పట్టీ వంపుని కొంచెం వెడల్పు చేసి అమ్మమ్మ తలకి పెట్టాడు.

"ఇప్పుడెలా ఉంది?" అంది ఇంజినీరు.

"బాగుందే."

"బాగుందే అనకు అమ్మమ్మా. ఎక్కడ నొక్కుతోందో చెప్పు."

అమ్మమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. గొంతు సవరించుకుంది.

"ఎడమ చెవి మీద ఇంకా నొక్కుతోంది. పైన ఇనుము చల్లగా తగుల్తోంది, మెత్తటి గుడ్డ చుట్టాలి. ఈ బోల్టు జుట్టు పట్టి లాగుతోంది. పైగా ఒకవైపుకి జారుతోంది..."

ఇంజినీరు పెన్ను తీసి అరచేతిలో రాసుకుంటోంది. బాబాయ్ పానా కింద పెట్టేశాడు.

"నాలుగు రోజులు ఇవన్నీ ఎక్కడ దాచుకున్నారమ్మా?"

"ఇంకా ఉన్నాయి నాయనా" అంది అమ్మమ్మ, స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ.

అరచెయ్యి నిండిపోయింది. ఇంజినీరు చెయ్యి తిప్పి, వెనకవైపు రాయడం మొదలుపెట్టింది.