కుడిచెయ్యి ముందు

నా రాతలో తప్పులు దొర్లితే మన్నించండి. అక్షరాలు నా చేతికి ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు, ఒకటి పెట్టాల్సిన చోట రెండు పెట్టేసి ఉంటాను. ఈ నాలుగు పేజీలు రాసేలోపు పది చొక్కాలు కుట్టేదాన్ని. అయినా రాయాలనిపించింది... పని ముగించుకుని కాసేపు నడుం వాల్చే ఆడవాళ్లు చదివితే చాలు.

ఒక ఇంట్లో మాట ఆగిపోయిన రోజున ఈ కథ మొదలయింది. ఆ ఇంటి కోడలు బడిలో టీచరు. ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పి చెప్పి ఆమె గొంతులో కాయలు లేచాయి. డాక్టరు వాటిని తీసేసి, నలభై అయిదు రోజులు పెదవి కదపకూడదన్నాడు. గుసగుసలు కూడా వద్దన్నాడు. మాట్లాడితే ఆ గొంతు మళ్లీ రాదట!

గొంతు సంగతి అలా ఉంచితే, ఆమె కళ్లలో నీళ్లు తిరిగింది మాత్రం మూడో తరగతి గురించి. బడిలో ముస్లిం పిల్లలకు వాళ్ల దీన్, అంటే ధర్మం గురించి చెప్పే పీరియడు ఉండేది కాదు. రెండేళ్లు పెద్దమేడం గది చుట్టూ తిరిగి, వారానికి మూడు పీరియడ్లు సంపాదించింది కోడలు. అల్లా ఒక్కడేనని, నమాజు ఎలా చదవాలో, ఉపవాసం ఎందుకో, ఉన్నదాంట్లో లేనివాళ్లకు ఎందుకివ్వాలో చెప్పే పీరియడు అది. ఇప్పుడు నెలన్నర ఖాళీగా ఉంటే దాన్ని లెక్కల మాస్టారికి ఇచ్చేస్తామన్నారు. ఒకసారి పోయిన పీరియడు మళ్లీ రాదని టీచర్లందరికీ తెలుసు.

"అమ్మ చెబుతుందిలే," అన్నాడు బస్సు నడిపే కొడుకు, అన్నం కలుపుకుంటూ. "చిన్నప్పుడు నాకు చెప్పింది అమ్మేగా. అయినా నా పెళ్లయ్యాక ఈ ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండటం ఇదే మొదలు."

అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి అతని వైపు చూసిన చూపుకి ఆ ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

ఆ అత్తగారిని వీధంతా మిషనమ్మ అని పిలిచేవారు. భర్త పోయాక కుట్టుమిషను తొక్కి కొడుకుని పెంచింది. బడి పిల్లల యూనిఫారాలు సగం ఆమె కుట్టినవే. అల్లా మీద నమ్మకాన్ని ప్రకటించే కలిమా నుంచి, పోయినవాళ్ల కోసం చదివే జనాజా నమాజు దాకా అన్నీ ఆమెకు నోటికి వచ్చు. అక్షరం ముక్క మాత్రం రాదు. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు గానీ, గువ్వ అని పిలుచుకునే మనవరాలికి తెలియదు. తెలియకూడదనే ఆమె తాపత్రయం. గువ్వ చదివేది ఆ మూడో తరగతే!

మొదటి రోజు మిషనమ్మ బడికి బయల్దేరి గడప దాటుతుంటే కోడలు పరుగున వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టింది. కుర్చీలో కూర్చున్నట్టు అభినయించి, రెండు చేతులూ వద్దు వద్దన్నట్టు ఊపింది. గువ్వ చేత చదివించుకోమని ఆమె ఉద్దేశం. గువ్వ అప్పటికే వీధి చివర ఉంది. మిషనమ్మకు అర్థమయింది వేరు... నా కుర్చీలో కూర్చోకు, అది నీ చోటు కాదు అంటోంది కోడలు! ఎవరి చేతనైనా చదివించుకుంటే పరువు పోతుంది. కొడుక్కి చూపిస్తే మొగుడూ పెళ్లాల మధ్య నిప్పు పెట్టినట్టవుతుంది. కాగితం మడిచి, కుట్టుమిషను సొరుగులో దారపు కండెల కింద దాచేసింది. సాయంత్రం కోడలు సైగ చేసి అడిగితే, "చూశాలే," అని మొహం తిప్పుకుంది.

బడిలో మాత్రం ఆమె వెలిగిపోయింది. పుస్తకం తెరవకుండా అరచెయ్యి చూపించేది. బొటనవేలు కలిమా, మిగతా నాలుగు వేళ్లూ నమాజు, జకాత్ అనే దానం, రోజా అనే ఉపవాసం, హజ్ యాత్ర. "బొటనవేలు మడిచేసి పెన్సిలు పట్టుకోండి చూద్దాం," అనేది. ముప్పై ఒక్క పెన్సిళ్లూ టపటపా నేల రాలేవి. నమ్మకం లేకుండా మిగతా నాలుగూ నిలబడవని వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్లలంతా గువ్వతో పాటు ఆమెను నానమ్మా అనేవారు.

మొదటి వారంలోనే ఒకరోజు, ప్రవక్తకు దైవదూత తెచ్చిన మొట్టమొదటి మాట 'చదువు' అని చెప్పింది. వెంటనే ముందు బెంచీ పిల్ల లేచింది.

"నానమ్మా, మీరెంతవరకు చదివారు?"

మిషనమ్మ కొంగు సర్దుకుంటూ కిటికీ వైపు తిరిగింది. గంట కొట్టారు కాబట్టి సరిపోయింది. ఆరోజు ఇంటికెళ్లి కోడలి ఎదుట కుదేసినట్టు కూర్చుంది. కోడలి చేతిలో ఎప్పుడూ ఉండే పలక లాక్కుని అంది:

"నేర్పించమ్మాయ్. దీని మీద నన్ను ఏమేం తిడుతున్నావో నాకు తెలియాలి."

కోడలు పగలబడి నవ్వబోయి, చప్పున నోరు మూసుకుంది. బట్ట కత్తిరించే బల్ల మీద, బట్టకు గుర్తులు పెట్టే సుద్దతో 'అ' రాసింది. మాటలేని పంతులమ్మ, అక్షరం లేని శిష్యురాలు! కోడలు రాసి బొమ్మ గీసేది, అత్త పైకి పలికేది. తప్పు పలికితే కోడలు గ్లాసు మీద చెంచాతో టంగుమని కొట్టేది. 'ల' అంటే ఎదురెదురుగా మడిచిన రెండు చేతులు, తలకట్టు అంటే కాలరు అని మిషనమ్మ తన లెక్కలో గుర్తు పెట్టుకుంది. నెల తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం పట్టుబడింది. కానీ సొరుగులో కాగితం జోలికి పోలేదు. చదువు వచ్చినా, తిట్టు చదువుకునే ధైర్యం చాల్లేదు.

ఇంతలో గువ్వ ఒకటికి రెండుసార్లు అలిగి వచ్చింది. వజూ చేసేటప్పుడు, అంటే నమాజుకి ముందు చేతులూ మొహం కాళ్లూ కడుక్కునేటప్పుడు, తనొక్కతే తప్పు చేస్తోందని పిల్లలంతా వెక్కిరిస్తున్నారట. నలుగురితో పాటు చెయ్యమని మిషనమ్మ కసిరింది.

ముప్పై తొమ్మిదో రోజున పెద్దమేడంతో కలిసి మసీదు నుంచి మౌల్వీ సాబు వచ్చాడు. తరగతి ఎలా నడుస్తోందో ముందుగా ఒకసారి చూసి, వారం తర్వాత తల్లిదండ్రుల ఎదుట వజూ చేయించి, ఆపైన పీరియడు ఉంచాలా తీసేయాలా తేలుస్తారట. పిల్లలు కుళాయిల దగ్గర వరసగా కూర్చున్నారు. మణికట్లు కడిగారు, నోరు పుక్కిలించారు, మొహం కడిగారు. మోచేతుల దాకా వచ్చేసరికి, అమ్మ పక్కన నిలబడి ముందే నేర్చుకున్న గువ్వ తప్ప అందరూ ఎడమ చెయ్యి ముందు చాపారు.

మౌల్వీ సాబు మెల్లగా అన్నాడు: "వజూ చెల్లకపోదమ్మా. కానీ ప్రవక్త కుడితో మొదలుపెట్టేవారు. ఈ ఒక్క పాప చేసిందే పద్ధతి."

పెద్దమేడం చేతిలో కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ రాతే మిషనమ్మ గుండెల్లో గుచ్చుకుంది. ప్రతిసారీ కుడిచేత్తోనే కదా చూపించింది! ఎక్కడ తప్పింది? ఇంటికి వచ్చి, కోడలి రెండేళ్ల కష్టాన్ని తన చేతులతో నీళ్లపాలు చేశానని కుమిలిపోయింది. ఇంతకన్నా పెద్ద తిట్టు ఉండదనిపించి సొరుగు లాగింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"పిల్లలకు ఎదురుగా కూర్చోకండి. మీ కుడి వాళ్లకు ఎడమ పక్కన కనబడుతుంది. వాళ్లకు వీపు పెట్టి చూపించండి. మిగతాదంతా మీకు నాకంటే బాగా తెలుసు అత్తయ్యా."

చివరి వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. మళ్లీ చదివింది... మళ్లీ చదివింది. జీవితంలో తనంతట తాను చదివిన మొదటి ఉత్తరం అది! కాగితం పట్టుకుని వెళ్లి కోడలి ముందు నిలబడింది. తిట్టనుకుని నెలకు పైగా దాచానని, తన అహమే పిల్లల్ని తప్పుదారి పట్టించిందని ఏడుస్తూ చెప్పుకుంది. కోడలు ఆమె కళ్లు తుడిచి, పలక మీద రెండే మాటలు రాసింది. మిషనమ్మ చదివింది.

"వారం ఉంది."

మర్నాడు ఆమె పిల్లలకు నిజం చెప్పేసింది. తప్పు వాళ్లది కాదని, తనదని, ఒక కాగితం చదవలేకపోవడం వల్ల వచ్చిందని, తాను ఈ మధ్యే అక్షరాలు నేర్చుకున్నానని అంది. గువ్వ నోరు తెరుచుకుని చూస్తూండిపోయింది. ముందు బెంచీ పిల్ల మాత్రం, "అయితే మాకన్నా చిన్న తరగతా మీరు?" అని జాలిపడి తన రంగు పెన్సిలు ఇచ్చింది. ఆరోజు నుంచి మిషనమ్మ తరగతికి వీపు పెట్టి కూర్చుంది. నమాజు చివర సలాము చెప్పేటప్పుడు ముందు కుడికి, తర్వాత ఎడమకు మెడ తిప్పేది. వెనక ముప్పై ఒక్క మెడలు అలాగే తిరిగేవి.

నలభై అయిదు రోజుల గడువు తీరిన మర్నాడు వరండా తల్లిదండ్రులతో నిండిపోయింది. మిషనమ్మ అందరికంటే ముందు, పిల్లలకు వీపు పెట్టి కూర్చుంది. వెనక ఏం జరుగుతోందో ఆమెకు కనబడదు. చెవులు రిక్కించి నీళ్ల చప్పుడు వింది. మణికట్లు... నోరు... మొహం... తర్వాత ఒక్క క్షణం కుళాయిలన్నీ ఆగాయి. ఆ క్షణం ఆమెకు నలభై అయిదు రోజులంత పొడుగైంది. ఆపైన నీళ్లన్నీ ఒక్కసారిగా పడిన చప్పుడు.

కుడా? ఎడమా? తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. అప్పుడు జనంలోంచి ఒక గొంతు వినిపించింది. బొంగురుగా, కొత్తగా పుట్టినట్టున్న గొంతు.

"అత్తయ్యా... అందరూ కుడిచెయ్యే!"

మిషనమ్మ తిరిగి చూసింది. ముప్పై ఒక్క కుడిచేతులు తడితో మెరుస్తున్నాయి. మౌల్వీ సాబు తల ఊపుతున్నాడు. పెద్దమేడం అక్కడికక్కడే పీరియడ్లు మూడు కాదు, నాలుగన్నది. నాలుగోది చదవడం రాని తల్లులకు అక్షరాలు నేర్పడానికట. దాన్ని మిషనమ్మే చెప్పాలట.

కొడుకు మాత్రం జనం వెనక నుంచి నిట్టూర్చాడు. "ఇక ఇంట్లో ఇద్దరు టీచర్లు. నా ప్రశాంతత నలభై అయిదు రోజులతో సరి."

ఇట్లు,
మిషనమ్మ, అరవై నాలుగేళ్లు. ఉంటున్నది కొడుకూ కోడలూ మనవరాలితో, బడి వెనక వీధిలో, కుట్టుమిషను ఉన్న ముందు గదిలో.