దొడ్డయ్య ఆపిన పికప్పు

తిరుమణి నుంచి రాయచెర్లుకు పోయే అడ్డదోవలో, సోలార్ పలకల నడుమ, ఒక మోటారు రూము ఉంది. కప్పు లేదు. తలుపు లేదు. లోపల మోటారూ లేదు. అయినా చీకటి పడ్డాక దాని ముందర గొంతు పెంచి మాట్లాడే మగవాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు.

ఆ రూము దొడ్డయ్యది. నీళ్ల కోసం ఏడు బోర్లు వేయించి, ఏడింట్లోనూ దుమ్మే చూసి, ఆఖరి మోటారు పక్కనే కూచుని కన్నుమూశాడంటారు. అప్పట్నుంచి తిరిగే మోటారు చప్పుడు వింటే ఆయనకు కడుపు మంటట. అందుకే రాత్రిపూట ఏ బండి పోయినా సరే, అక్కడ ఇంజను ఆపాలి. బీడీ ఒకటి ముట్టించి గడప మీద పెట్టాలి. "పోయొస్తాం దొడ్డయ్యా" అని మెల్లగా చెప్పి, అప్పుడు కదలాలి.

ఆపకుండా పోయే బండిని ఆయనే ఆపేస్తాడట...

తిప్పేశ్ ఏనాడూ ఆపకుండా పోయినవాడు కాదు. అతనికున్నదల్లా ఒక పాత పెట్రోలు పికప్పు. సోలార్ పలకలు కడిగే ఎనిమిది మంది ఆడవాళ్లను పొద్దు వాలినాక పనికి తీసుకుపోవడం, రాత్రి ఇళ్ల దగ్గర దింపడం — అదే అతని బతుకు. ఆ ఎనిమిది మందికీ పెద్ద గంగక్క. ఆమె ఎక్కితే బండి నిండుతుంది, ఆమె దిగితే ఖాళీ.

ఆ రోజు అమావాస్య కూడా కాదు. ఉత్త మంగళవారం. తిప్పేశ్ ఎప్పటిలాగే ఇంజను ఆపాడు, బీడీ పెట్టాడు, వచ్చి తాళం తిప్పాడు.

కిర్ర్... కిర్ర్... కిర్ర్...

ఇంజను అందుకోలేదు.

"ఏందప్పా?" వెనక నుంచి గంగక్క గుసగుస.

"ఏం ల్యాదు."

"ఏం ల్యాకపోతే కదలదేమి?"

లైట్లు దివ్యంగా వెలుగుతున్నాయి. సెల్ఫు గట్టిగానే తిరుగుతోంది. ఇంజను మాత్రం — ఎవరో గొంతు పట్టుకున్నట్టు — పలకడం లేదు. గడప మీద బీడీ కొస ఒకసారి మసకబారింది... మళ్లీ ఎర్రగా రాజుకుంది. ఎవరో ఒక దమ్ము లాగినట్టు.

"గాలి," అన్నాడు తిప్పేశ్. అతన్ని ఎవరూ అడగలేదు.

గంగక్క దిగింది. కాలి టైరు చెప్పు చేతికొచ్చింది. దెయ్యానికి చెప్పుదెబ్బను మించిన మందు లేదని ఆమెకు వాళ్లమ్మ నేర్పింది.

"సచ్చినోడివి సచ్చినట్ల ఉండవల్ల దొడ్డయ్యా. మేము ఇండ్లకు పోవద్దా?" అంటూ బండి పక్కలో మూడు వాయించింది. "ఇప్పుడు తిప్పు."

తిప్పాడు. బండి అందుకుంది.

బుధవారం మళ్లీ అంతే. గురువారమూ అంతే. ఆగడం, చెప్పుదెబ్బ, కదలడం. గురువారం దిగేటప్పుడు గంగక్క మెల్లగా చెప్పింది.

"తిప్పేశా, నీ మీద కోపం ల్యాదు. దొడ్డయ్య నీ బండెక్కినాడు. రేపట్నుంచి మేము ఆటోలో పోతాము."

"బండి అమ్మేయమంటావా గంగక్కా?"

"దెయ్యం ఎక్కిన బండిని ఎవురు కొంటారప్పా," అంది గంగక్క, ఎంతో జాలిగా.

శుక్రవారం తెల్లవారకముందే తిప్పేశ్ తిరుమణిలో మెకానిక్ మధుకుమార్ షాపు ముందర ఉన్నాడు. మధుకుమార్ కథంతా విన్నాడు. నవ్వలేదు.

"చెప్పుతో యాడ కొట్టిందన్నా?"

"ఈడ."

"అది పెట్రోలు ట్యాంకు గదన్నా."

ఇంజను వేడెక్కేదాకా బండిని ఊరి చుట్టూ తిప్పించి, షాపు ముందరే ఆపించాడు. "ఇంగ తాళం ఒక మెట్టు మాత్రమే తిప్పు. ట్యాంకు కాడ చెవి పెడతా. రెండు సెకండ్లు గుయ్‌మనల్ల."

గుయ్‌మనలేదు. ఫ్యూజు చూశాడు, బాగుంది. వైరులో కరెంటు వస్తోంది. పెట్రోలు పైపుకు మీటరు తగిలించాడు, ముల్లు లేవలేదు. స్పానరుతో ట్యాంకును ఒక్కటి తట్టాడు.

గుయ్...

తిప్పేశ్ రెండడుగులు వెనక్కేశాడు.

"భయపడొద్దన్నా. నీ ట్యాంకులో చిన్న బోరు మోటారు ఉండాది."

"దొడ్డయ్యదా?"

"బండిదే. బోర్లో మోటారు నీళ్లను పైకి తోసినట్ల, ఇది పెట్రోలును ఇంజనుకు తోస్తాది. బోరు మోటారు దేంతో సల్లబడతాది?"

"నీళ్లతో."

"నీళ్లు ల్యాకుండా తిప్పితే?"

"కాలిపోతాది."

"నువ్వు ఎప్పుడన్నా ట్యాంకు నింపినావా?"

తిప్పేశ్ రోడ్డు మీద పోతున్న గొర్రెలను లెక్కపెట్టసాగాడు.

"రిజర్వులోనే తిప్పి తిప్పి పంపును మాడ్చినావు. వేడి మీద ఆపితే పట్టేస్తా ఉండాది. తడితే కదులుతాది. గంగక్క మంచి మెకానిక్కే."

"మరి రూము కాడే ఎందుకాగల్ల?"

"అది యాడ ఆగినాదన్నా? నువ్వే ఆపినావు. ఆపిన ఇంజనే గదా మళ్లా లేవల్సింది. ఆపకుండా పోయింటే, ఇంటి ముందర ఆపి మళ్లా తిప్పినప్పుడు తెలిసుండేది."



మధుకుమార్ బ్యాటరీ వైరు విప్పాడు. పెట్రోలు వంపి, ట్యాంకు దించి, పంపు బయటికి తీశాడు. దాని జల్లెడ నిండా నల్లటి మడ్డి. కొత్త పంపు, కొత్త రబ్బరు రింగు వేసి బిగించాడు. తాళం రెండు మూడుసార్లు ఊరికే తిప్పి, పైపులోకి పెట్రోలు ఎక్కనిచ్చి, అప్పుడు స్టార్టు చేశాడు. సగం తిప్పకముందే అందుకుంది. తిప్పేశ్ నేరుగా బంకుకు పోయి, జన్మలో మొదటిసారి, ట్యాంకు నింపించాడు.

శనివారం రాత్రి గంగక్కను బతిమాలి ఎక్కించుకున్నాడు. మిగతా ఏడుగురూ ఆమె వెనకే ఎక్కారు. రూము ముందర ఇంజను ఆపి, బీడీ పెట్టి వచ్చాడు. గాలి లేదు. ఎనిమిది మందీ చెప్పులు తీశారు. ఎవరి చెప్పు వాళ్ల చేతిలోనే ఉంది...

తాళం తిప్పాడు. బండి అందుకుంది.

"చూసినావా?" అంటూ తిప్పేశ్ బోరు మోటారు పాఠమంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. గంగక్క శ్రద్ధగా వింది.

"అయితే ఆ పాత పంపు యాడుండాది?"

"మధు షాపులో, బల్ల మీద."

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "దొడ్డయ్య ఇంగ ఆడుంటాడు," అని గంగక్క నిమ్మళంగా వెనక్కి వాలింది. "పోనీ తిప్పేశా. సోమవారం కూడా నువ్వే రా."

సోమవారం పొద్దు గూకే వేళ ఫోను మోగింది. మధుకుమార్.

"అన్నా, నీ పంపు తీసుకపో. పొద్దున్నుంచి ఒక్క బండి రాల్యా. నాకేం భయం ల్యాదు, జనాలకే భయం."

"రేపు పొద్దున వస్తాలేప్పా."



"ఇప్పుడే రా అన్నా," మధుకుమార్ గొంతు తగ్గింది. "లైటు ఆర్పేకి ఆ పంపు పక్కనుంచే లోపలికి పోవల్ల..."