ఎదురు బొమ్మ

చీకటి పడ్డాక ఆ ఆర్ట్ కాలేజీలో పై అంతస్తు డ్రాయింగ్ హాలు గడప తొక్కినవాళ్ళు లేరు. మర్చిపోయిన గొడుగైనా, ఫోనైనా తెల్లారేదాకా అక్కడే ఉండేది. రాత్రిళ్ళు ఆ హాల్లో ఎవరో పెన్సిలుతో బొమ్మ గీస్తున్న చప్పుడు వినిపిస్తుందట. సర్... సర్... కాసేపు ఆగి, మళ్ళీ సర్... వాచ్‌మన్ మెట్ల దగ్గరే నిలబడి, టార్చి పైకి వేసి, "అంతా బాగానే ఉంది" అని తనకు తనే చెప్పుకుని వెనక్కి తిరిగేవాడు.

"పరీక్ష తప్పి చచ్చిపోయిన కుర్రాడట" అనేవాళ్ళు కొందరు. "కాదు, ఎప్పటిదో ముసలి మాస్టారు" అనేవాళ్ళు ఇంకొందరు. బొమ్మలు వేసేవాళ్ళ కాలేజీ కదా, ఎవరికి తోచిన దెయ్యాన్ని వాళ్ళు వేసుకున్నారు.

అక్కడ ఇలస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్‌లో, అంటే కథలకి బొమ్మలు వేయడం నేర్పేచోట, ఒక అమ్మాయి ఉండేది. వేరే కాలేజీ నుంచి మధ్యలో వచ్చి చేరింది. చేరి ఏడాది కావస్తున్నా అందరూ 'కొత్తమ్మాయి' అనే అనేవాళ్ళు. ఎవరూ ఆమెని తిట్టలేదు, ఏడిపించలేదు. ఏడిపించడానికైనా మనిషి ఉన్నట్టు గుర్తుండాలి కదా!

ఆ డిపార్ట్‌మెంట్‌కి పెద్దావిడని పిల్లలు 'రబ్బరు మేడం' అనేవాళ్ళు. క్లాసులోకి వస్తూనే అందరి రబ్బర్లూ లాక్కుని డబ్బాలో వేసుకునేది కాబట్టి ఆ పేరు. "తప్పు గీతని చెరపకండి. పక్కనే ఒప్పు గీత గీయండి" అనేది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు.

ఏటా ఆవిడ 'ఎదురు బొమ్మ' వేయించేది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ముఖం ఒకరు వేయాలి. రెండు బొమ్మలూ జంటగా గోడకెక్కాలి. జంట లేకపోతే గోడ మీద చోటు లేదు, ఆ ఏడాది మళ్ళీ చదవాల్సిందే.

క్లాసులో లెక్క బేసి. మేడం మాట పూర్తయ్యేలోపే అందరూ కళ్ళతోనే జతలు కుదుర్చుకున్నారు. కొత్తమ్మాయి ఒక్కతే మిగిలింది.

"నీకెవరు?" అంది మేడం.

అంతమందిలో 'ఎవరూ లేరు' అనడానికి ఆమెకి నోరు రాలేదు. "మా అక్క కూర్చుంటుంది మేడం" అనేసింది. ఆమెకి అక్క లేదు.

గడువు ముంచుకొచ్చింది. తెల్లారితే బొమ్మలు గోడకెక్కాలి. ఈ దొంగపని హాస్టల్ గదిలో పక్క అమ్మాయి ముందు చేయలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ రాత్రి డ్రాయింగ్ హాలుకి ఎక్కింది.

కిటికీ పక్కన చిన్న దీపం వెలిగించి, ముందు అక్కని వేసింది. లేని అక్క కాబట్టి తనకి నచ్చినట్టే వేసుకుంది. ఆ ముఖం తనకేసి ఆప్యాయంగా చూస్తుంటే కాసేపు పక్కన పెట్టబుద్ధి కాలేదు.

ఇక అక్క వేసినట్టుగా తన బొమ్మ వేయాలి. చెయ్యి మారినట్టు కనిపించాలని పెన్సిలు ఎడమచేతికి మార్చింది. కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుంటూ మొదలుపెట్టింది.

సర్... సర్...

ఎడమచెయ్యి నొప్పిపుట్టి ఆపింది.

చప్పుడు ఆగలేదు.

ఆమె వెనక్కి తిరగలేదు. కళ్ళు మాత్రం ఎత్తి అద్దంలోకి చూసింది. తన వెనకాల... చీకట్లో ఒక డ్రాయింగ్ బోర్డు. బోర్డు పైన తెల్లని జుట్టు. బోర్డు కింద రెండు పాదాలు. మధ్యలో ముఖం లేదు.

"కదలకు..." అందొక గొంతు, గుసగుసగా. "ముక్కు దగ్గరున్నాను."

కదలమన్నా కదిలే స్థితిలో లేదు ఆ పిల్ల. పై ప్రాణాలు పైనే పోయాయి.

బోర్డు మెల్లగా దిగింది. వెనక రబ్బరు మేడం!

"కుడిచేతి వాటం పిల్ల ఎడమచేత్తో కుస్తీ పడుతుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. అద్దంలో నీ ముఖం కనిపిస్తుంటే నేనూ వేయడం మొదలుపెట్టాను. అక్క లేదు కదూ?"

"లేదు మేడం." ఆమె పెన్సిలు కింద పెట్టేసింది. "నన్నెవరూ అడగలేదు మేడం..."

మేడం స్టూలు దగ్గరికి జరుపుకుంది. "నన్నూ అంతే. ఇంటికెళ్తే తాళం నేనే తీసుకోవాలి. అందుకే కింద నా గదిలో పొద్దుపోయేదాకా కూర్చుంటాను. ఇటు తిరుగు, నన్ను వెయ్యి."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కళ్ళజోడు ముక్కు మీద వేసిన గుంట, పెదవి చివర చిన్న వణుకు... కొత్తమ్మాయి ఒక్కొక్కటే చూసి వేసింది. ఇందరి బొమ్మలు దిద్దిన ఆవిడ ముఖాన్ని ఇలా తేరిపార చూసినవాళ్ళు ఎన్నాళ్ళుగానో లేరని ఆమెకి అర్థమైంది. తనని కూడా ఇంతసేపు ఎవరూ చూడలేదు. మనసు తేలికపడింది, నవ్వొచ్చింది.

"అయితే ఆ చప్పుడు మీరేనన్నమాట! కాలేజీ అంతా దెయ్యమని హడలి చస్తోంది మేడం."

మేడం పెన్సిలు ఆగింది.

"నేను రాత్రిపూట పైకి రావడం ఇదే మొదటిసారి."

"మరి..."

"కింద కూర్చుంటే రోజూ వినిపించేది. పిల్లలెవరో కష్టపడుతున్నారు అనుకునేదాన్ని. ఇవాళ ఎవరో చూద్దామని ఎక్కాను." ఆవిడ గొంతు తగ్గింది. "రోజూ వచ్చేది... నువ్వు కాదా?"

కొత్తమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ పెన్సిళ్ళు ఒళ్ళో పెట్టేశారు.

సర్... సర్...

హాలు ఆ చివర, దీపం వెలుగు చేరని మూల నుంచి. మేడం ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. తలుపు దగ్గర్లోనే ఉంది, పరిగెత్తితే రెండు అంగలు.

చప్పుడు కాసేపు ఆగేది, మళ్ళీ సాగేది. తొందర లేదు. ఎవరికీ చూపించనక్కర్లేని బొమ్మ వేసుకుంటున్నట్టు, ఎదురుగా ముఖమేదీ లేక ఉత్త గీతలే గీసుకుంటున్నట్టు...

కొత్తమ్మాయికి ఏడుపొచ్చింది. భయంతో కాదు. మెల్లగా చెయ్యి విడిపించుకుని లేచింది. వరసలోంచి ఒక స్టూలు లాక్కొచ్చి, తామిద్దరికీ ఎదురుగా, వెలుగులో వేసింది.

"మీక్కూడా ఎవరూ లేకపోతే..." అంది చీకట్లోకి, "ఇటొచ్చి కూర్చోండి."

చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఆ ఖాళీ స్టూలు కిర్రుమంది.

మేడం బోర్డుకి కొత్త కాగితం బిగించింది.