బొమ్మ రైల్లో ఒక తాతగారు ఎక్కువ

జింగిల్ గ్యాప్‌లో ఏమైనా చూడండి. చీకటి పడ్డాక ఆ బొమ్మ రైలు మాత్రం ఎక్కకండి — అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మనవాళ్ళని ఎవరినడిగినా ఇదే మాట చెప్తారు.

జింగిల్ గ్యాప్ అమెరికాలో, జార్జియా కొండల్లో ఒక చిన్న ఊరు. ఏడాది పొడుగునా క్రిస్మసే. జూలై ఎండలో కూడా మెషిన్ పెట్టి మంచు కురిపిస్తారు. గ్యాస్ స్టేషన్లో పంపులకి జింక కొమ్ములు. పోలీసాయన టోపీకి గంట. పిల్లలున్నవాళ్ళు వీకెండ్ వస్తే చాలు, అక్కడికి డ్రైవ్ చేస్తారు. అన్నీ బాగుంటాయి... ఆ రైలు తప్ప.

సాంటా ఇంటి దగ్గర బయల్దేరి, కొండ కింద సొరంగంలో దూరి, అవతల తేలుతుంది. లోపల లైట్లుండవు. దానికున్న చెడ్డపేరల్లా ఒకటే — లోపలికి వెళ్ళినవాళ్ళకంటే బయటికొచ్చేవాళ్ళు ఒకరు ఎక్కువుంటారట.

నేనూ నవ్వినదాన్నే. నమ్రత చెప్పేదాకా.

నమ్రత మా టీమ్‌లోనే పనిచేస్తుంది. లేనిపోనివి కల్పించే మనిషి కాదు. పోయిన డిసెంబర్లో భర్త రఘు, ఆరేళ్ళ కూతురు రియాతో అక్కడికి వెళ్ళింది. రఘు ఆఫీసులో పనిచేసే తేజేశ్వర్, అతని భార్య కృష్ణవేణి ఇంకో కార్లో వచ్చారు. ఆడవాళ్ళిద్దరికీ అదే తొలి పరిచయం.

రైలు దగ్గరికి చేరేసరికే మసక చీకటి. ఎక్కేవాళ్ళందరికీ షూస్ మీద తొడుక్కోమని ఎర్ర ఊలు తొడుగులిచ్చారు. వాటికి ముందూ వెనకా, రెండువైపులా కొన మెలితిరిగి ఉంది. టికెట్లు చింపే ముసలావిడ వాళ్ళ వంక అదోలా చూసింది.

"చేతులు పట్టుకుని కూర్చోండి," అంది మెల్లగా. "ఎవరి చెయ్యి పట్టుకున్నారో... దిగాక చూసుకోండి."

రియా ఒప్పుకుంటేనా! ముందు పెట్టెలో ఒక్కతే కూర్చుంటానని పేచీ. సరేనన్నారు.

రైలు సొరంగంలో దూరింది. చిమ్మచీకటి. ఎక్కడో గంటలు... ఎముకలు కొరికే చలి... ఎవరో దగ్గారు.

బయటికొచ్చాక చూస్తే — రియా పక్కన ఒక పెద్దాయన. మంకీ క్యాప్, స్వెట్టరు, మెడకి మఫ్లరు. రియా ఆయన చెయ్యి పట్టుకుని ఉంది.

"మమ్మీ, తాతకి చలి వేస్తుంది," అంది.

'కృష్ణవేణి వాళ్ళ నాన్నగారు కాబోలు, వెనక పెట్టెలో ఎక్కారేమో' అనుకుంది నమ్రత. తాతా అని పిలుస్తోందంటే నమ్రత వాళ్ళ నాన్నగారే అనుకుంది కృష్ణవేణి. ఇద్దరూ నమస్కారం పెట్టారు. వాళ్ళని చూసి మగవాళ్ళూ అలాగే అనుకున్నారు.

ఇక ఆ సాయంత్రమంతా ఆయనదే. జింజర్‌బ్రెడ్ బిస్కెట్లతో కట్టిన ఇంట్లోకి వెళ్తే, "వాస్తు బాలేదు" అన్నాడు. మూడంతస్తుల సాంటా బొమ్మని చూసి, "ఈయనకి షుగరుందా?" అని అడిగాడు. నమ్రత డబ్బాలో తెచ్చిన పులిహోర సగం తిని, ఇంగువ తగ్గిందన్నాడు. నమ్రత కృష్ణవేణి మొహం చూసి ఊరుకుంది. కార్ అలాగేనా పార్క్ చేసేది అని తేజేశ్వర్‌ని దులిపేశాడు. కృష్ణవేణి నమ్రత మొహం చూసి ఊరుకుంది.

పార్కింగ్ లాట్‌కి వచ్చేసరికి బాగా చీకటి పడింది. పెద్దాయన తిన్నగా వెళ్ళి నమ్రత వాళ్ళ కార్లో రియా పక్కన కూర్చుని బెల్టు పెట్టేసుకున్నాడు.

నమ్రత కృష్ణవేణి దగ్గరికెళ్ళింది. "పర్లేదండీ, మీ నాన్నగారిని మేమే తీసుకొస్తాం. రియా వదలట్లేదు."

కృష్ణవేణి కారు తలుపు వదిలేసి వెనక్కి తిరిగింది.

"మా నాన్నగారా...? మా నాన్నగారు పోయి నాలుగేళ్ళయిందండీ."

"మరి... మీ మామగారా?"

"ఆయన కర్నూల్లో ఉన్నారు. ఈయన మీ... మీవాళ్ళు కాదా?"

నమ్రత తమ కారు వైపు తిరిగింది. కార్లో లైటు వెలుగుతోంది. రియా ఆయన భుజం మీద తలవాల్చి నిద్రపోతోంది.

పాదాలు చూడాలి — అదే తట్టింది నమ్రతకి. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగుంటాయంటారు కదా. కిటికీలోంచి తొంగి చూసింది. ఎర్ర ఊలు తొడుగులు... ముందూ కొనే, వెనకా కొనే! ఎటు తిరిగున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

ఇక ఆగలేదు. తలుపు లాగి, నిద్రపోతున్న పిల్లని ఎత్తి గుండెకి హత్తుకుంది. రఘు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. లోపలికి వంగి అడిగాడు — "అయ్యా... మీరెవరు?"

"చక్రపాణిని," అన్నాడాయన. "అదేంటయ్యా, మీరు మా అవినాష్ ఫ్రెండ్స్ కదూ? రైలు కదిలేటప్పుడు చీకట్లో పాప తాతా అని చెయ్యి పట్టుకుంటే పక్కన ఎక్కాను. వాడు వెనక కార్లో వస్తున్నాడనుకున్నా."

నమ్రతకి పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పాపం, ఎవరి తండ్రో! కొడుకూ కోడలూ ఎంత కంగారుపడుతున్నారో!

ఆయన్ని వెంటబెట్టుకుని రైలు దగ్గరికి పరిగెత్తారు. ముసలావిడ మైకులో చక్రపాణి పేరు వంకరటింకరగా పిలిచింది. కాసేపటికి ఒక జంట వచ్చింది — ఆయన కొడుకు అవినాష్, కోడలు రాగిణి. కంగారేం లేదు వాళ్ళ మొహాల్లో. ఎవరో పొరపాటున పిలిచారనుకుని నింపాదిగా వచ్చారు.

ఎందుకంటే... అవినాష్ చేతిలో ఇంకో పెద్దాయన చెయ్యి ఉంది. మంకీ క్యాప్, స్వెట్టరు, మఫ్లరు.

"ఒరేయ్ అవినాష్!" అన్నారు చక్రపాణి గారు.

అవినాష్ తండ్రిని చూశాడు. తన చేతిలో ఉన్న చెయ్యి చూశాడు. రెండో ఆయన మంకీ క్యాప్ పైకి లాగాడు.

దాని కింద — ఇంకో మంకీ క్యాప్.

అదీ లాగాడు. దాని కింద మరోటి... దాని కింద మరోటి... లాగుతున్నకొద్దీ ఆ మనిషి పొట్టి అవుతున్నాడు. ఆఖరి టోపీ ఊడి వచ్చేసరికి స్వెట్టరు మెత్తగా కిందికి జారి కుప్పపడింది. అందులో ఎవరూ లేరు.

ముసలావిడ ఏమీ జరగనట్టు టోపీలన్నీ ఏరి బుట్టలో వేసుకుంది.

రాగిణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టాబ్లెట్ల డబ్బా తీసి చూసుకుంది.

"టైమయిందని బీపీ టాబ్లెట్ కూడా వేశానండీ..." గుసగుసగా అంది. "నీళ్ళు తాగి, 'థాంక్స్ అమ్మా' అన్నారు." ఓరగా చక్రపాణి గారి వైపు చూసింది. "మామయ్యగారు కాదని... నాకు అక్కడే తెలియాల్సింది."